నలభై అడుగుల దృక్పథం

"మునికుంట లేఅవుట్ మహాజనులకు విజ్ఞప్తి. మన మహిళా ఫుట్‌బాల్ జట్టు గత ఆదివారం సాధించిన గెలుపును ఎవరూ ఎక్కువ చేయరాదు. ఎవరూ తక్కువ చేయరాదు. ఆ గెలుపును తగిన చోట పెట్టడానికి మాన్య మాజీ కార్పొరేటర్ వెంకటరాయప్ప గారు స్వయంగా ఏర్పాట్లు చేస్తున్నారు. అంతవరకు ఎవరూ గెలుపును తమ ఇళ్లలో పెట్టుకోకుండా సహకరించవలసిందిగా కోరడమైనది."

ఆటోకు కట్టిన మైకులో ఈ ప్రకటన మంగళవారం ఉదయం ఏడింటికి మొదలై, కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చొప్పున మధ్యాహ్నం దాకా తిరిగింది. రాసింది నేనే. చివరి వాక్యం మాత్రం సార్ గారిది. గొప్ప వాక్యాలన్నీ ఆయనవే.

పాఠకులకు మా లేఅవుట్ తెలిసి ఉండదు. బెంగళూరులో హూడి దాటాక వస్తుంది. కుంట లేదు, లేఅవుట్ ఉంది. వెంకటరాయప్ప గారు ఇక్కడి మాజీ కార్పొరేటర్. నగరంలో కార్పొరేటర్ల ఎన్నికలు జరిగి చాలా ఏళ్లయింది కాబట్టి అందరూ మాజీలే. కానీ ఆయనంత చురుగ్గా మాజీగా ఉన్నవారు మరొకరు లేరు. నేను ఆయన జనసంపర్క కార్యాలయంలో ఉత్తరాలు టైపు చేస్తాను. మాది మడకశిర దగ్గర పల్లె. తెలుగు మా బడిలో నేర్చుకున్నాను, కన్నడం సంతలో, ఇంగ్లీషు నిఘంటువులో. ఎక్కువ మాట్లాడనని నన్ను ఈ ఉద్యోగంలోకి తీసుకున్నారు.

ఇక గెలుపు సంగతి. మా లేఅవుట్ మహిళా జట్టు ఏడేళ్లుగా నగర లీగ్‌లో ఆడుతోంది. ఏడేళ్లుగా ఓడిపోతోంది. ఆ ఆదివారం మాత్రం ఒక పెద్ద అకాడమీ జట్టును ఒకటి–సున్నాతో ఓడించింది. అకాడమీ వాళ్లు ఏసీ బస్సులో వచ్చారు. వాళ్లకు ఒక ఫిజియో, ఒక డైటీషియన్, మనసు కుదురుగా ఉంచడానికి ఒక మేడమ్ ఉన్నారు. మావాళ్లు మూడు ఆటోల్లో వచ్చారు. మనసు కుదురుగా ఉంచడానికి వాళ్లకు ఓడిపోవడం అలవాటుగా ఉంది.

గోల్ ఎలా పడిందో చెబితే మీరు నమ్మరు. ఎనభై మూడో నిమిషంలో రంజిత కార్నర్ కొట్టింది. అదే సమయానికి కెప్టెన్ సమీనా బూటు లేసు ఊడి, కట్టుకుందామని వంగింది. బంతి వచ్చి ఆమె వీపుకు తగిలి గోల్‌లోకి పోయింది. సమీనా లేసు కట్టుకుని లేచేసరికి అందరూ ఆమె మీద పడి ఏడుస్తున్నారు. ఏదో ప్రమాదం జరిగిందనుకుందట.

అయితే అంతకుముందు గోల్‌కీపర్ మార్త పదకొండు బంతులు ఆపింది. మార్త పీజీ హాస్టల్లో నా రూమ్మేట్ కాబట్టి చెప్పడం కాదు, నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. పదకొండోదానికి వేళ్లు చాలలేదు.

కోచ్ నరసింహప్ప గారు బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. మ్యాచ్ అయ్యాక ఇంగ్లీషు పేపరు విలేకరి ఆయన్ని ఎలా ఉందని అడిగాడు. "గెలిచింది ఒక మ్యాచేనప్పా. ఊరికే ఎగరొద్దండి. వచ్చే మ్యాచ్ చూసుకోవల్ల," అన్నారాయన. పక్కనే ఉండి నేను విన్నాను. సోమవారం పేపర్లో అది ఇంగ్లీషులో ఇలా వచ్చింది: 'విన్ మస్ట్ బి కెప్ట్ ఇన్ పర్‌స్పెక్టివ్ – కోచ్.'

సోమవారం ఉదయం పది గంటలకు వెంకటరాయప్ప గారు ఆ పేపరును బల్ల మీద పరిచారు. కళ్లద్దాలు పెట్టుకున్నారు, తీశారు, మళ్లీ పెట్టుకున్నారు.

"అంజినప్పా, ఇది చదివితివా?"

అంజినప్ప పార్టీ కార్యకర్త. ఆయనకు ఇంగ్లీషు రాదు. రాదని ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు.

"చదివినాన్నా. శానా బాగా రాసినారు."

"విన్నును పర్‌స్పెక్టివ్‌లో పెట్టల్లంట. పెట్టకపోతే ఏమైతాది?"

"పెట్టకపోతే పాడైపోతాదన్నా."

"మరి యాడుండాది ఆ పర్‌స్పెక్టివ్?"

గదిలో నలుగురం ఉన్నాం. ఎవరికీ తెలియదు. తెలియదు అనడం ఆ గదిలో ఆనవాయితీ కాదు. పీఏ హేమంత్‌కుమార్ వెంటనే ఫోను తీశాడు.

"సార్, మ్యాప్స్‌లో ఒకటి చూపిస్తా ఉండాది. పర్‌స్పెక్టివ్ రెసిడెన్సీ, మారతహళ్ళి పక్కన. ఆరు కిలోమీటర్లు. ట్రాఫిక్ లేకపోతే గంటలో పోవచ్చు. మూడు పాయింట్ ఎనిమిది రేటింగ్ సార్."

"ఫోన్ చెయ్. స్పీకర్‌లో పెట్టు."

అవతల వాచ్‌మన్ ఎత్తాడు. మన హేమంత్‌కుమార్ మర్యాదగా అడిగాడు.

"గెలుపు పెట్టుకోవల్ల అన్నా. చోటుండాదా?"

"ఎంతమంది సార్ ఫ్యామిలీ?"

"ఫ్యామిలీ కాదప్పా, గెలుపు. ఒకటే."

"ఒకరే అయితే కష్టం సార్. బ్యాచిలర్స్‌కు ఇవ్వరు ఇక్కడ."

వెంకటరాయప్ప గారు చెయ్యెత్తి ఫోను ఆపించారు. "వద్దప్పా. మన లేఅవుట్ గెలుపును బాడుగింట్లో పెట్టేదా? రేపు ఓనరు ఖాళీ చెయ్యమంటే అది యాడికి పోతాది?"

అందరం తలలూపాం. బెంగళూరులో ఈ ప్రశ్నకు తల ఊపని వాళ్లు ఉండరు.

అప్పుడు ఆయన నా వైపు తిరిగారు. "ఆశమ్మా, నీ బుక్కు తీ."

నా దగ్గర ఒక ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు ఉంది. ఏడో తరగతిలో వ్యాసరచనకు బహుమతిగా ఇచ్చారు. అట్ట ఊడితే సంచి గుడ్డతో కుట్టుకున్నాను. కార్యాలయంలో దాన్ని బుక్కు అంటారు. వేరే పుస్తకం లేదు కాబట్టి ఇబ్బంది లేదు. వెతికి చూశాను.

"దృక్పథం సార్," అన్నాను.

"దృక్... పథం." ఆయన ఆ మాటను రెండు ముక్కలు చేసి, రెండు చేతుల్లో తూచినట్టు చూశారు. "పథం అంటే దోవ గదమ్మా?"

"దోవే సార్. కానీ..."

"దోవ! రోడ్డప్పా అది! చూసితివా అంజినప్పా? గెలుపును పెట్టేదానికి రోడ్డు కావల్లంటాండాడు నరసింహప్ప. మనం ఇండ్లు ఎతుకుతాండాం."

అంజినప్ప చప్పట్లు కొట్టాడు. నా 'కానీ' తర్వాతి మాట నా దగ్గరే ఉండిపోయింది. అది నా లోపమే. పెద్దవాళ్లు మాట్లాడుతున్నప్పుడు మధ్యలో మాట్లాడకూడదని, వాళ్లు ఆపాకే మాట్లాడాలని మా బడిలో నేర్పారు. వెంకటరాయప్ప గారు ఆపరు.

బుధవారానికి దృక్పథ నిర్మాణ సమితి ఏర్పడింది. ఇంత వేగం మరెక్కడా చూడలేదు. మా వీధిలో వానాకాలం విరిగిన డ్రైనేజీ మూతకు ఇంకా సమితి ఏర్పడలేదు, మూత విరిగి రెండు వానాకాలాలు అయింది. ఇంజినీరు హరీశ్ మ్యాపు తెచ్చి బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు టీ గ్లాసులు పెట్టాడు.

"దృక్పథం ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలి సార్?"

"మెయిన్ రోడ్డు నుంచి నేరుగా."

"నేరుగా అంటే గ్రౌండ్ అడ్డమొస్తుంది సార్. ఆ అమ్మాయిలు ఆడే గ్రౌండ్."

"గ్రౌండ్ అని యాడ రాసుండాది?"

హరీశ్ కాగితాలు తిప్పాడు. "రికార్డులో గ్రౌండ్ అని లేదు సార్. 'ఖాళీ స్థలం' అని ఉంది."

"మరి?"

"మరి ఆడుతున్నారు కదా సార్."

"ఆడేటప్పుడు ఖాళీ ఉండదు, ఒప్పుకుంటా. ఆడి ఇంటికి పోయినాక?"

హరీశ్ ఆలోచించాడు. ఇంటికి పోయాక ఖాళీగానే ఉంటుందని ఒప్పుకున్నాడు. రికార్డు నిజమని తేలినందుకు అందరూ సంతోషించారు.

వెడల్పు మీద మాత్రం గంటన్నర చర్చ జరిగింది. అంత లోతైన చర్చ నేను విధానసౌధ గురించి వచ్చే వార్తల్లో కూడా చదవలేదు.

"పెద్ద గెలుపన్నా," అన్నాడు అంజినప్ప. "ఎనభై అడుగులు లేకపోతే మన మర్యాద ఉండదు."

"ఎక్కువ చేయగూడదని మైకులో మనమే చెప్పినాం గదప్పా."

"కొట్టింది ఒక్క గోలే కదా సార్," అన్నాడు హేమంత్‌కుమార్. "అది కూడా వీపుతో. ఇరవై చాలు."

"తక్కువ చేయగూడదు అని గూడా చెప్పినాం."

"నలభై?" అన్నాడు హరీశ్, టీ ఆరిపోతోందని.

వెంకటరాయప్ప గారు కళ్లు మూసుకున్నారు. తెరిచారు. "నలభై. ఎక్కువా గాదు, తక్కువా గాదు. పర్‌స్పెక్టివ్ అంటే ఇది."

హరీశ్ స్కేలు పెట్టి గీత గీశాడు. గీత మెయిన్ రోడ్డు దగ్గర మొదలై, గ్రౌండ్ నడిమధ్యగా పోయి, భాగీరథమ్మ గారి నీలగిరి తోపు గేటు దగ్గర ఆగింది. భాగీరథమ్మ గారు వెంకటరాయప్ప గారి భార్య. ఆ తోపుకు గేటు ఎప్పటి నుంచో ఉంది, దారే లేదు. ఇందులో ఇంజినీరు తప్పేమీ లేదు. స్కేలు ఎలా పెట్టినా గీత అక్కడికే పోతోంది.

శుక్రవారం కోచ్ నరసింహప్ప గారు, కెప్టెన్ సమీనా కార్యాలయానికి వచ్చారు. సమీనాది ఆదోని. మారతహళ్ళిలో ఒక కంపెనీలో కస్టమర్ల ఫిర్యాదులు వినే ఉద్యోగం చేస్తుంది. రోజంతా ఓపిగ్గా మాట్లాడటం ఆమె పని.

కోచ్ గారు కూర్చోకుండానే మొదలుపెట్టారు. "వెంకటరాయప్పా, నేను ఆ మాట అన్లేదప్పా. ఒక మ్యాచే, ఎగరొద్దు అన్నా. అంతే. ఆ ఇంగ్లీషు పదం నా నోట్లో పట్టదు."

"పెద్దోడివి నరసింహప్పన్నా. ఏదో అనుంటావు, మర్సిపోయింటావు."

"అన్లేదంటాండా గదా!"

"పేపర్లో ఉండాది గదన్నా. పేపరోడు సుమ్నే రాస్తాడా?"

ఎవరూ ఊరికే ఏమీ రాయరన్నది కోచ్ గారి నమ్మకం కూడా. ఆయన పేపరు వైపు, తన చేతుల వైపు చూసుకుని కూర్చున్నారు. ఆ మాట తానే అన్నానేమో అన్న అనుమానం ఆయన ముఖంలో మొదలవడం నేను చూశాను.

సమీనా ముందుకు వచ్చింది. "సార్, సింపుల్‌గా చెప్తాను. వచ్చే నెల ఫోర్టీన్త్, సండే, మాకు సెకండ్ రౌండ్. ఈసారి హోమ్ టీమ్ మేమే. సొంత గ్రౌండ్‌లో ఆడించాలి, లీగ్ రూల్ అది. గ్రౌండ్ లేకపోతే వాకోవర్ ఇచ్చేస్తారు. అంటే ఆడకుండానే ఓడిపోయినట్టు. ఏడేళ్లు ఆడి ఓడిపోయాం సార్, ఎవర్నీ ఏమీ అనలేదు. ఇప్పుడు ఆడకుండా ఓడిపోమంటారా?"

వెంకటరాయప్ప గారు లేచి నిలబడ్డారు.

"సమీనమ్మా, నా కండ్లలో నీళ్లొచ్చినాయి." నేను చూశాను. నిజంగానే తుడుచుకున్నారు. "మీ గ్రౌండు ఎవరు తీసేస్తాండారమ్మా? గ్రౌండు అట్లే ఉంటాది. ముందు ఒక పక్క ఉండె, ఇప్పుడు రెండు పక్కలా ఉంటాది. మధ్యలో దృక్పథం ఉంటాది. స్వల్ప అడ్జస్ట్ చేసుకోండి."

"రెండు పక్కలా ఉంటే ఎట్లా ఆడతాం సార్?"

"ఆటలో ఉండేదే రెండు పక్కలు గదమ్మా. మీరు ఒక పక్క, వాళ్లు ఒక పక్క."

హేమంత్‌కుమార్ దీన్ని రాసుకున్నాడు.

"నడిమధ్య గీత ఉంటాది గదా మీ ఆటలో? రోడ్డే ఆ గీత అనుకోండి. డివైడరు ఎత్తుగా కట్టొద్దని నేను హరీశ్‌కు చెప్తా. మీకోసం."

"బండ్లు పోతుంటాయి కదా సార్?"

"గోల్ కొట్టేటప్పుడు చూసుకుని కొట్టండి."

సమీనా రోజుకు అరవై మంది కోపిష్ఠులతో ఫోన్లో మాట్లాడుతుంది. "థాంక్యూ సార్, మీ సమయానికి," అని ఉద్యోగం అలవాటు కొద్దీ అని బయటికి వెళ్లిపోయింది.

శనివారం ఉదయం పీజీ డాబా మీద మార్త జెర్సీలు ఉతుకుతోంది. మార్తది రేపల్లె పక్క ఊరు. ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేస్తుంది. అందుకేనేమో ఏ విషయాన్నయినా సూది గుచ్చినట్టే అడుగుతుంది.

"ఆ పదం చెప్పింది నువ్వేనంటగా?"

"నేనే."

"ఇంకో పదం దొరకలేదా నీకు?"

"దొరికింది. ఆ మాటకే ఇంకో అర్థం కూడా రాసి ఉంది. తగిన అంచనా అని. ఉన్నది ఉన్నంతగా చూడటం."

"మరి అది చెప్పొచ్చుగా?"

"చెప్పబోయాను. 'కానీ' దాకా వచ్చాను."

మార్త నవ్వింది. చేతిలో జెర్సీని పిండుతూ పిండుతూ నవ్వు ఆపేసింది. "నేను పదకొండు ఆపానే. నువ్వు ఒక్కటి ఆపలేకపోయావా?"

జెర్సీ తీగ మీద వేసి కిందికి వెళ్లిపోయింది. నీళ్లు కారుతున్న ఆ జెర్సీ దగ్గర నేను కొంచెంసేపు నిలబడ్డాను.

సోమవారం ఉదయం మాట్లాడదామనే వెళ్లాను. వెంకటరాయప్ప గారు ఫోన్లో ఉన్నారు. ఆయన ఫోను పెట్టేవరకు ఆగితే హేమంత్‌కుమార్ మాట్లాడాడు, అతను ఆపేవరకు ఆగితే అంజినప్ప. చివరికి ఒక చీటీ మీద రాశాను: 'అయ్యా, దృక్పథం అంటే రోడ్డు కాదు. ఒక విషయాన్ని ఉన్నది ఉన్నంతగా అంచనా వేసి చూడటం. దీనికి గ్రౌండ్ అవసరం లేదు. – ఆశ, టైపిస్టు.' దాన్ని సంతకాల ఫైల్లో పైనే పెట్టాను. సాయంత్రం ఫైలు తిరిగి వచ్చింది. చదివారో లేదో తెలియదు. నా చీటీ కింద 'ఆమోదించడమైనది' అని రాసి, సంతకం చేసి, ముద్ర వేశారు.

నేను ఆ కాగితం పట్టుకుని హరీశ్ దగ్గరికి పరుగెత్తాను. అతను రెండుసార్లు చదివాడు.

"ఆమోదం ఉంది," అన్నాడు. "కానీ ఏం చేయమని లేదు కదండీ."

"చేయవద్దని ఉంది."

"చేయవద్దని చేయడానికి వేరే ఫారం ఉంటుంది." ఆ కాగితాన్ని భద్రంగా ఫైల్లో పెట్టుకున్నాడు. దృక్పథం ఫైల్లో నా చీటీ ఇప్పటికీ ఉంది. కావలసినవారు చూడవచ్చు.

పని మొదలైంది. పాఠకులు బెంగళూరు వాళ్లయితే ఇక్కడ కుర్చీ గట్టిగా పట్టుకోవాలి. రోడ్డు మూడు వారాల్లో పూర్తయింది. తవ్వి వదిలేయలేదు. నీళ్ల పైపు పగలలేదు. కేబుల్ వాళ్లు వచ్చి మళ్లీ తవ్వలేదు. అకాడమీ జట్టును వీపుతో ఓడించడం దీని ముందు ఏమంత వింత కాదు. కానీ దీన్ని పర్‌స్పెక్టివ్‌లో పెట్టాలని ఏ పేపరూ రాయలేదు.

గెలుపును రోడ్డులో ఏ రూపంలో పెట్టాలన్నది చివరి సమస్య. కప్పు పెడదామంటే మొదటి రౌండుకు కప్పు ఇవ్వరు. సమీనా విగ్రహం పెడదామని అంజినప్ప అన్నాడు. వంగి లేసు కట్టుకునే విగ్రహం ముందు దండ ఎలా వేస్తారని హేమంత్‌కుమార్ అడిగాడు. అప్పుడు వెంకటరాయప్ప గారే దారి చూపారు. "స్కోరు పెడదామప్పా. ఒకటి, సున్నా."

అలా రోడ్డు మధ్యలో సర్కిల్ వచ్చింది. గుండ్రటి గోడ సున్నా. దాని మధ్యలో నిలబెట్టిన లైటు స్తంభం ఒకటి. చాలా హుందాగా ఉంది. పైనుంచి చూస్తే మాత్రం సున్నా ఒక్కటే కనిపిస్తుందని హరీశ్ నాతో మెల్లగా అన్నాడు.

పద్నాలుగో తేదీ ఆదివారం వచ్చింది. తొమ్మిదింటికి దృక్పథం ప్రారంభోత్సవం, పదింటికి మ్యాచ్. ఒకే షామియానా రెండింటికీ సరిపోతుందని ఈ ఏర్పాటు. ప్రత్యర్థి జట్టు బస్సు కుదుపు లేకుండా వచ్చి సర్కిల్ పక్కన ఆగింది. "రోడ్డు సూపర్," అని వాళ్ల కోచ్ మెచ్చుకున్నాడు. వెంకటరాయప్ప గారు రిబ్బను కత్తిరించి, సున్నా చుట్టూ మూడుసార్లు ప్రదక్షిణం చేశారు.

రిఫరీ కిరణ్మయి మేడమ్ టేపు పట్టుకుని దిగింది.

"గ్రౌండ్ ఎక్కడ?"

"రెండు పక్కలా ఉండాది మేడమ్," అన్నాడు అంజినప్ప గర్వంగా. "వేరే లేఅవుట్లలో ఒక పక్కే ఉంటాది."

మేడమ్ టేపు చుట్టేసింది. వాచీ చూసుకుంది. "రూల్ ప్రకారం పదిహేను నిమిషాలు ఆగుతాను. ఆలోపు ఆడే చోటు చూపిస్తే మ్యాచ్. లేకపోతే లేదు."

ఆ పదిహేను నిమిషాలు మావాళ్లు ఊరికే లేరు. కోచ్ నరసింహప్ప గారు అడుగులు వేసి కొలుస్తూ అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నడిచారు. ఎడమ ముక్కలో కొలిచారు, కుడి ముక్కలో కొలిచారు. రెండింటినీ వేళ్ల మీద కలిపారు. కలిపితే సరిపోతోంది. రంజిత ట్రాఫిక్ ఆపడానికి రోడ్డు మధ్యలో నిలబడి చేతులు చాపింది. "అన్నా, ఒక్క తొంభై నిమిషాలు ఆగన్నా!" అని ఆటోవాళ్లను బతిమాలింది. "వన్‌వేనా?" అని వాళ్లు అడిగారు.

మార్త మాత్రం గ్లవ్స్ వేసుకుని, ఇంకా పీకని ఎడమ పక్క గోల్ ముందు నిలబడింది. ఎదురుగా నలభై అడుగుల తారు. ఒక స్కూటరు ఆయన అడ్డదారి అనుకుని తిన్నగా గోల్ వైపు వచ్చాడు. మార్త రెండు చేతులూ చాపి ఆపేసింది. ఆయన బెదిరి వెనక్కి తిప్పుకుని పోయాడు. మార్త నా వైపు చూసింది. నేను వేళ్లు మడిచాను. పన్నెండు.

కిరణ్మయి మేడమ్ విజిల్ ఊదింది. మూడు–సున్నాతో ప్రత్యర్థులు గెలిచినట్టు రాసుకుంది. మావాళ్లకు చెమట ఇంకా పట్టనే లేదు. జెర్సీలు ఉతికిన మడతలతోనే ఉన్నాయి.

వెంకటరాయప్ప గారు వెంటనే మైకు అందుకున్నారు. సందర్భానికి తగ్గట్టు మాట్లాడటంలో ఆయన తర్వాతే ఎవరైనా. "గెలుపు వస్తాది, పోతాది. ఓటమి వస్తాది, పోతాది. రోడ్డు ఉంటాది!" జనం ఈల వేశారు. "ఈ పొద్దు మన పిల్లోళ్లు ఓడిపోయినారంటే, ఆ పొద్దు గెలిచింది ఎంత పెద్ద విషయమో మనకు అర్థమైతాది. అది ఎంత చిన్న విషయమో గూడా అర్థమైతాది."

కోచ్ గారు చప్పట్లు కొట్టారు. తాను ఆ రోజు చెప్పింది ఇదే కదా అన్నట్టు ఆయన ముఖం ఉంది.

సభ ముగిశాక దృక్పథం మీద మొదటి లారీ వెళ్లింది. దాని నిండా సైట్ల హద్దులకు పాతే రాళ్లు ఉన్నాయి. తోపు దగ్గర భాగీరథమ్మ గారు స్వయంగా గేటు తెరిచారు. ఇన్నేళ్లు దారి లేని గేటు అయినా, కొంచెం కూడా కిర్రుమనలేదు. కొత్తగా నూనె వేసినట్టుంది.

అదే విలేకరి ఆ రోజూ వచ్చాడు. సమీనా అతనితో ఒక్క మాటే అంది. "మా గ్రౌండ్ మాకు ఇచ్చేయండి. ఉన్న రెండు ముక్కలైనా వదిలేయండి. చాలు." కుడి ముక్క కాస్త పెద్దది. అందులో అడ్డంగా ఆడితే లీగ్ వాళ్లు వచ్చే ఏడాదికి ఒప్పుకుంటారేమోనని ఆమె అప్పటికే అడిగి చూసింది. ఒప్పుకోవచ్చు అన్నారట. మార్త ఆ ముక్కలో రాళ్లు ఏరడం కూడా మొదలుపెట్టింది.

మంగళవారం పేపర్లో ఇంగ్లీషులో ఇలా వచ్చింది: 'కెప్టెన్ డిమాండ్స్ లెవెల్ ప్లేయింగ్ ఫీల్డ్.'

వెంకటరాయప్ప గారు పేపరును బల్ల మీద పరిచారు. కళ్లద్దాలు పెట్టుకున్నారు, తీశారు.

"ఆశమ్మా, బుక్కు తీ. లెవెల్ అంటే ఏందో చూడు."

నేను బుక్కు తీశాను. 'లెవెల్' అనే మాట అందులో ఉంది. నాలుగు అర్థాలతో ఉంది. నాలుగింటినీ చదివాను. ఒక్కొక్క అర్థం ఎక్కడికి పోతుందో, దాని చివర ఏ గేటు ఉందో ఆలోచించాను. అట్ట మూశాను.

"ఈ బుక్కులో ఆ మాట లేదు సార్."

"లేదా?"

"లేదు సార్. ఆ పేజీ చిరిగిపోయింది."

నా జీవితంలో పెద్దవాళ్లకు అబద్ధం చెప్పడం అదే మొదలు. అంజినప్ప, హేమంత్‌కుమార్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పేజీ లేకపోతే పని ఆగిపోతుంది. ఆగిపోయింది కూడా. నాలుగైదు క్షణాలు.

వెంకటరాయప్ప గారు నన్ను కొంచెంసేపు చూశారు. కోపంగా కాదు. బాగా చదువుకునే పిల్లను చూసినట్టు చూశారు.

"లెవెల్ ప్లేయింగ్ ఫీల్డ్ అంటే అందరికీ సమానమైన అవకాశం అని అర్థం," అన్నారు. యాస లేదు. మా బడిలో తెలుగు సార్ చెప్పినట్టే చెప్పారు. తర్వాత కళ్లద్దాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. "అట్ల రాస్తే జనానికి అర్థం కాదమ్మా. 'చదును' అని రాయి."

"చదునేన్నా!" అన్నాడు అంజినప్ప. "ఆ రెండు ముక్కలూ శానా ఎత్తుపల్లాలుండాయి."

నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను. 'మునికుంట లేఅవుట్ మహాజనులకు విజ్ఞప్తి' దాకా టైపు చేసి ఆగాను. ఆయన వచ్చి నా వెనక నిలబడ్డారు.

"ఆ పొద్దు 'కానీ' అని ఆపితివి గదా ఆశమ్మా."

"అవును సార్."

"ఆ కానీ తర్వాత ఏముండాదో నాకు తెలుసులేమ్మా. నీ చీటీ గూడా చదివినా." నా భుజం పక్కనుంచి వంగి తెర మీదికి చూశారు. "చేతిరాత బాగుండాది నీది."

మిగిలిన వాక్యాలు ఆయన చెప్పారు. నేను టైపు చేశాను. కిటికీలోంచి చూస్తే మెయిన్ రోడ్డు మలుపు తిరిగి దృక్పథం మీదికి జేసీబీ వస్తోంది. కుడి ముక్కలో మార్త వంగి ఇంకా రాళ్లు ఏరుతోంది. ఆమెకు అది వస్తున్న చప్పుడు వినిపించలేదు. రోడ్డు కొత్తది కదా, ఎక్కడా కుదుపు లేదు.